పాస్ అయిన చెవిలోనూ లోపం ఉండొచ్చు

గర్భిణి తాగిన మద్యం మాయ (బిడ్డకు ఆహారం, ప్రాణవాయువు అందించే అవయవం) దాటి బిడ్డ రక్తంలో కలుస్తుంది. దాన్ని విరిచేసే శక్తి బిడ్డ కాలేయానికి ఇంకా పూర్తిగా వచ్చి ఉండదు. ఇలా పుట్టిన కొందరిలో కనిపించే ఎదుగుదల, ముఖ, మెదడు లోపాలకు 1973లో అమెరికాలోని సియాటిల్ వైద్యులు కెన్నెత్ జోన్స్, డేవిడ్ స్మిత్ ‘ఫీటల్ ఆల్కహాల్ సిండ్రోమ్’ అని పేరు పెట్టారు. చెవుల మాట తర్వాత వచ్చింది. 1988లో చర్చ్, గెర్కిన్ అనే పరిశోధకులు ఈ సమస్య ఉన్న 14 మంది పిల్లల వివరాలు వెల్లడించారు. వారిలో 13 మందికి మధ్యచెవిలో పదేపదే నీరు చేరుతోంది. నలుగురికి లోపలిచెవి, దాని నాడి వైపు లోపం ఉంది. అధ్యయనం చిన్నదే. అయినా ఎక్కడ వెతకాలో చెప్పింది.

మధ్యచెవితో మొదలుపెడదాం. ముఖం, దవడ, చెవిలోని బుల్లి ఎముకలు నాడీశిఖర కణాల (పిండంలో మెదడు, వెన్నుపాము మొలిచే చోటు నుంచి వలస వెళ్లే కణాలు) నుంచి తయారవుతాయి. మద్యం తగిలితే ఈ కణాలు చాలా తేలిగ్గా చనిపోతాయి. అప్పుడు ముఖం, అంగిలి నిర్మాణంలో తేడాలొస్తాయి. చెవి నుంచి గొంతులోకి గాలి ఆడే గొట్టం సరిగా తెరుచుకోదు. లోపల నీరు నిలుస్తుంది. జలుబు చేసినప్పుడల్లా వినికిడి మందగిస్తుంది, తగ్గాక మెరుగవుతుంది. అందుకే ఇంట్లోవాళ్లు పెద్దగా పట్టించుకోరు.

కాక్లియా (శబ్దాన్ని నాడీ సంకేతంగా మార్చే నత్తగుల్ల ఆకారపు భాగం) దెబ్బతింటే ఆ లోపం శాశ్వతం. లోపలిచెవి పిండం నాలుగో వారంలోనే రూపం దిద్దుకోవడం మొదలవుతుంది. అప్పటికి తాను గర్భవతినని చాలామందికి తెలియదు. తల్లిని నిందించే ముందు ఈ సంగతి గుర్తుంచుకోవాలి.

మూడో రకం లోపాన్ని పట్టుకోవడం అన్నిటికంటే కష్టం. చెవి వింటుంది, మెదడు మాటను విడదీసుకోలేదు. నిశ్శబ్దంగా ఉన్న గదిలో చక్కగా జవాబిచ్చే పిల్లవాడు, నలభై మంది ఉన్న తరగతిలో టీచరు మాట అందక దిక్కులు చూస్తాడు. మొండి అంటారు, ధ్యాస లేదంటారు.

ఇప్పుడు చాలా ఆసుపత్రుల్లో పుట్టిన బిడ్డకు వినికిడి పరీక్ష చేస్తున్నారు. మంచిదే. కానీ తేలిగ్గా చేసే ఒక రకం పరీక్ష కాక్లియా స్పందన వరకే చూస్తుంది. మెదడు సంగతి అది చెప్పదు, ఆరు నెలల తర్వాత చేరబోయే నీటినీ చెప్పలేదు.

వైద్యం కూడా ఒకటి కాదు. నీరు తగ్గకపోతే కర్ణభేరిలో గ్రామెట్ (గాలి ఆడటానికి పెట్టే సన్నని గొట్టం) వేస్తారు. కాక్లియా లోపానికి వినికిడి యంత్రం ఉంది. మెదడు స్థాయి ఇబ్బందికి ముందు వరుసలో చోటు, పొట్టి వాక్యాలు, స్పీచ్ థెరపీ సాయపడతాయి.

గర్భిణికి ఇంత వరకు ఫర్వాలేదన్న మోతాదు ఏదీ లేదు. కల్లయినా, బీరయినా లోపలికి వెళ్లేది ఆల్కహాలే. బిడ్డకు మాటలు ఆలస్యమైతే పుట్టినప్పటి రిపోర్టు చూసి ఊరుకోకండి, చెవులు మళ్లీ పరీక్ష చేయించండి. గర్భంలో మద్యం తాకిడి ఉంటే ఆ మాట డాక్టరు దగ్గర దాచకండి.