దాచిన సోర్సు ఫైళ్లు: ఏవి ఉంచాలి, ఏవి తీసేయాలి?

సూరత్ రింగ్ రోడ్డు బట్టల మార్కెట్లలో క్యాష్ క్రెడిట్ ఖాతాల సరుకు తనిఖీకి వెళ్లినప్పుడు నేను ముఖ్యంగా చూసేవి రెండు. గోడౌనులో ఉన్నది స్టాకు స్టేట్‌మెంటుతో సరిపోతోందా? అందులో కదలని పాత సరుకు ఎంత? మా ఇంటి కంప్యూటరు విషయంలోనూ ఇవే ప్రశ్నలు వేసుకుంటాను.

నేను వాడేది జెంటూ లినక్స్. చాలా లినక్స్‌లు తయారైన ప్రోగ్రాములనే అందిస్తాయి. జెంటూలోని పోర్టేజ్ మాత్రం చాలావరకు సోర్సు కోడును ఇంటర్నెట్ నుంచి తెచ్చి మన కంప్యూటరులోనే ప్రోగ్రాముగా తయారుచేస్తుంది. తెచ్చిన ఫైలును ‘డిస్ట్‌ఫైల్స్’ ఫోల్డరులో దాచి, మళ్లీ అవసరమైతే అక్కడి నుంచే తీసుకుంటుంది. సమయం, డేటా రెండూ మిగులుతాయి. కానీ కొత్త వెర్షన్ వచ్చినా పాతది తనంతట తాను పోదు. అలా పేరుకుపోతే డిస్కులో చోటు కరువవుతుంది.

దాచడం అవసరమే. 2016 మార్చిలో ‘లెఫ్ట్ ప్యాడ్’ అనే 11 వరుసల జావాస్క్రిప్ట్ కోడును దాని రచయిత ఎన్‌పీఎం నుంచి తీసేయగానే, దాని మీద ఆధారపడ్డ ఎన్నో ప్రాజెక్టుల పని ఆగిపోయింది. సొంత ప్రతి ఉంటే ఆ ఇబ్బంది ఉండదు.

అలాగని దాచిందంతా నమ్మదగినది కాదు. పోర్టేజ్ ప్రతి ఫైలు పరిమాణాన్నీ, బ్లేక్2బి, షా512 హ్యాష్‌లనూ మానిఫెస్టుతో సరిచూస్తుంది. ఒక్క అక్షరం మారినా ఆ ఫైలును వాడదు. చెక్కు మీది సంతకాన్ని నమూనాతో పోల్చినట్టే ఇది. సంతకం ఎవరిదో తెలుస్తుంది, పెట్టినవారి ఉద్దేశం తెలియదు. 2024 మార్చి 29న ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు ‘ఎక్స్‌జెడ్ యుటిల్స్’ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని బయటపెట్టారు. లాగిన్‌కు సుమారు అర సెకను ఎక్కువ పట్టడమే ఆయనకు అనుమానం కలిగించింది. ఆ దొంగదారి వచ్చింది ప్రాజెక్టు నిర్వాహకుల్లో ఒకరి ఖాతా నుంచే. అంటే హ్యాష్ సరిపోతుంది, సరుకే చెడ్డది.

నేను పాటించే పద్ధతి చెబుతాను. నెలకోసారి ‘ఈక్లీన్ డిస్ట్’ నడుపుతాను. ముందుగా ‘ప్రిటెండ్’ ఇస్తే ఏదీ తీసేయకుండా జాబితా మాత్రమే చూపుతుంది. మామూలుగా నడిపితే ఏ ప్యాకేజీకీ అక్కర్లేని ఫైళ్లే పోతాయి. ‘డీప్’ ఇస్తే, ఇన్‌స్టాల్ అయినవాటికి కావలసినవి తప్ప మిగతావీ పోతాయి. అప్పుడు, లైసెన్సు కారణంగా మనమే తెచ్చిపెట్టుకున్న ఫైళ్లను కాపాడడానికి ‘ఫెచ్ రిస్ట్రిక్టెడ్’ జోడిస్తాను.

భద్రతా హెచ్చరిక వస్తే మాత్రం నెలాఖరు దాకా ఆగను. ఆ వెర్షన్ సోర్సును అదే రోజు తీసేస్తాను. సోర్సు పోయినంత మాత్రాన ఇన్‌స్టాల్ అయిన ప్రోగ్రాము పోదు కాబట్టి, సురక్షితమైన వెర్షన్‌తో దాన్ని మళ్లీ తయారుచేస్తాను.

ఇదంతా సొంత కంప్యూటరు సంగతి. శాఖలోని కంప్యూటర్లలో ఇలాంటి పనులు ఐటీ విభాగానికే వదిలేద్దాం.