ట్యాపెట్ కవర్‌కి ముడతల పెయింట్.. లుక్ అదుర్స్, కానీ ఒక్క ఇసుక రేణువు మిగిలినా ఇంజిన్‌కే ఎసరు!

బానెట్ ఎత్తగానే ఇంజిన్ మీద ఎర్రగానో నల్లగానో మెరిసే మూత. చేత్తో తడిమితే గరుకు గరుకుగా, సన్నటి ముడతలు. రీల్స్‌లో ఇలాంటి వీడియోలు తెగ తిరుగుతున్నాయి. పాత మారుతి 800నో, అంబాసిడర్‌నో, జీపునో ముచ్చటగా దాచుకున్నవాళ్లు అది చూసి స్ప్రే డబ్బా కొనేస్తున్నారు. వీడియోలో అది 30 సెకన్ల పని. నిజంగా చేస్తే రెండు రోజుల పని. అందులో పెయింట్ కొట్టే టైమ్ మహా అయితే పావుగంట. మిగతాదంతా కడగడం, గీకడం, ఆరబెట్టడమే. అక్కడ తేడా కొడితే పోయేది పెయింట్ ఒక్కటే కాదు, ఇంజిన్ కూడా విప్పాల్సి వస్తుంది.

చంద్రశేఖరపురం, పామూరు, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు.. ఈ ఊళ్లలో ఈ పని పెట్టుకునేవాళ్లు మరో మూడు సంగతులు కూడా చూసుకోవాలి. మండే ఎండ, ఉప్పు తేలే బోరు నీళ్లు, ఇసుక దుమ్ము. డబ్బా మీద రాసిన సూచనల్లో ఇవేవీ ఉండవు.

అసలు ముడతలు ఎలా వస్తాయి?

పాలు కాచి దించితే పైన మీగడ కడుతుంది. ఊదితే ఆ మీగడ ముడుచుకుంటుంది. కింద పాలు మాత్రం పల్చగానే ఉంటాయి. ముడతల పెయింట్ కథ దాదాపు ఇంతే. షెడ్లలో దీన్నే రింకిల్ పెయింట్ అంటారు. పైపొర గాల్లోని ఆక్సిజన్ తీసుకుని గబగబా గట్టిపడి, ఉబ్బుతుంది. అడుగు పొర ఇంకా తడిగానే ఉంటుంది. ఉబ్బిన పైపొరకి పక్కకి జరగడానికి చోటు లేక మడతలు పడుతుంది. తర్వాత వేడి తగిలితే అడుగు పొర కూడా ఆరిపోయి ఆ మడతలు అలాగే గట్టిపడిపోతాయి.

అందుకే పల్చగా కొడితే ముడతలే రావు. ముడత పడాలంటే అడుగున తడి పెయింట్ ఉండాలి కదా! మామూలుగా పెయింటర్లు కోటు పల్చగా కొట్టమంటారు. ఇక్కడ దానికి రివర్స్. మందంగా కొడితే పెద్ద ముడతలు, కాస్త తగ్గిస్తే సన్న ముడతలు.

నిజానికి ఇది మొదట్లో ఒక లోపం. చైనా తుంగ్ చెట్టు గింజల నూనెతో చేసిన వార్నిష్‌లు ఆరేటప్పుడు ముడుచుకుపోయేవి. దాన్ని తప్పించడానికి పెయింట్ తయారీదారులు నానా తంటాలు పడ్డారు. చివరికి ఎవరికో ఆ ముడతలే బాగున్నాయనిపించింది. పాత టైప్‌రైటర్ల మీద, రేడియో పరికరాల మీద కనిపించే ఆ నల్లటి గరుకు అదే. అమెరికాలో 'న్యూ రింకిల్' అనే కంపెనీ ఈ పేటెంట్లను చేతిలో పెట్టుకుని, లైసెన్స్ తీసుకున్నవాళ్లంతా ఒకే ధరకు అమ్మేలా ఒప్పందాలు చేసుకుంది. ఆ కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అలాంటి ధరల ఒప్పందాలు చెల్లవని 1952లో కోర్టు తేల్చింది. ముడతల పెయింట్ మీద సుప్రీంకోర్టు తీర్పా అని నవ్వొస్తుంది కానీ, అప్పట్లో అది అంత పెద్ద వ్యాపారం.

కార్ల వాళ్లకి ఇది నచ్చడానికి కారణం వేరే ఉంది. పోత పోసిన అల్యూమినియం ఎప్పుడూ నున్నగా ఉండదు. గుంటలుంటాయి, గీతలుంటాయి. నిగనిగలాడే పెయింట్ వేస్తే అవన్నీ ఎత్తి చూపిస్తుంది. ముడతల పెయింట్ కప్పేస్తుంది. ఇక ఎరుపు మోజు ఫెరారీ వాళ్ల పుణ్యం. 'టెస్టా రోసా' అంటే ఇటాలియన్‌లో ఎర్ర తల. ఇంజిన్ మీద మూతలకు ఎర్ర రంగు వేయడం వల్లే 1950ల్లో ఆ రేసు కార్లకు ఆ పేరొచ్చింది.

ముందు మూత దేనితో చేశారో చూడండి

అంబాసిడర్‌ది 1489 సీసీ బీఎంసీ ఇంజిన్. దాని మూత ఇనప రేకు. కొన్ని కార్లకు పోత అల్యూమినియం. ఈమధ్య వచ్చిన చాలా కార్లకు ప్లాస్టిక్. అయస్కాంతం పెడితే ఇనుము వెంటనే తెలిసిపోతుంది. అతుక్కోకపోతే గోరుతో, స్పానర్‌తో తట్టి చూడండి. ప్లాస్టిక్ అయితే ఈ పని పెట్టుకోకపోవడమే మంచిది. ముడతల పెయింట్‌ని వేడిలో పెట్టాలి. ఆ వేడికి ప్లాస్టిక్ కాస్త వంగినా చాలు, బిగించాక ఆయిల్ కారడం ఖాయం.

ఇంజిన్ బాగా చల్లారాకే మూత విప్పాలి. విప్పిన చోట వెంటనే శుభ్రమైన బట్ట కప్పాలి. కింద క్యామ్ షాఫ్టో, రాకర్లో బోసిగా కనిపిస్తుంటాయి. ఈ రెండు రోజులూ అక్కడ దుమ్ము, పురుగు, వాషర్ ఏదీ పడకూడదు. దూది పోగులు రాలే వేస్ట్ కాటన్ మాత్రం కప్పొద్దు.

కాస్టిక్ సోడా.. ఇనుముకి సరే, అల్యూమినియానికి విషం

ఏళ్ల తరబడి పట్టిన ఆయిల్ జిడ్డు పోవాలంటే కాస్టిక్ సోడా నీళ్లలో ముంచేయడం కొందరికి అలవాటు. ఇనప రేకుకి నడుస్తుంది. అల్యూమినియం మూతని అందులో వేస్తే బుసబుసా పొంగుతుంది. ఆ పొంగేది మురికి కాదు, మూతే కరిగిపోతోంది. పైగా ఆ బుడగల్లో ఉండేది హైడ్రోజన్. దగ్గర్లో బీడీ వెలిగిస్తే భగ్గుమంటుంది.

పెట్రోల్‌తో కడగడం ఇంకో చెడ్డ అలవాటు. మూసి ఉన్న షెడ్డులో పెట్రోల్ ఆవిరి నేల మీదే పాకుతుంది, ఎక్కడో స్విచ్ వేస్తే చాలు అంటుకుంటుంది. డీజిల్ అంత ప్రమాదం కాదు కానీ కడిగాక జిడ్డు పొర మిగిలిస్తుంది. మొదటి విడత జిడ్డు వదిలించడానికి డీజిల్ సరే. తర్వాత మాత్రం వేడి నీళ్లు, గిన్నెలు తోమే సబ్బు, బ్రష్షు. రెండుసార్లు, అవసరమైతే మూడుసార్లు.

జిడ్డు పోయిందో లేదో తెలుసుకోవడానికి పైసా ఖర్చు లేని పరీక్ష ఉంది. మూత మీద నీళ్లు పోయండి. తామరాకు మీద లాగా బొట్లు బొట్లుగా విడిపోతే జిడ్డు ఇంకా ఉన్నట్టే. నీళ్లు ఒకే పల్చటి పొరలా పరుచుకుంటే శుభ్రమైనట్టు.

అప్పుడైనా పని అయిపోలేదు. పోత అల్యూమినియంలో కంటికి కనపడని రంధ్రాలుంటాయి, వాటిలో ఆయిల్ దాక్కుని ఉంటుంది. పెయింట్ వేసి వేడిలో పెట్టగానే అది చెమటలా పైకొస్తుంది. ఆ చోటే పెయింట్ బొబ్బలెక్కుతుంది. అందుకే పెయింట్‌కి ముందే ఒకసారి ఖాళీ మూతని వేడి చేసి, పైకొచ్చిన చెమటని తుడిచేయాలి. వీడియోల్లో దాదాపు ఎవరూ చూపించని స్టెప్ ఇదే.

బోరు నీళ్లతో వచ్చే చిక్కు

కనిగిరి, పామూరు వైపు భూగర్భ జలాల సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లోరైడ్ ఒంటికి చేసే హాని పక్కన పెడితే, ఈ నీళ్లు గరుకు నీళ్లు. కడిగి ఎండలో పెడితే నీళ్లు ఆవిరై తెల్లటి మచ్చ మిగులుతుంది. స్టీలు బకెట్ అంచున పేరుకుంటుందే, అదే. ఆ ఉప్పు మీద పెయింట్ వేస్తే తేమ తగిలినప్పుడల్లా అది నీళ్లు లాక్కుని పెయింట్‌ని కింది నుంచి లేపుతుంది. చివరి కడుగు మాత్రం బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తోనో, ప్లాంట్ నీళ్లతోనో కానిచ్చి, వెంటనే పొడి బట్టతో తుడిచేయండి. ఒక లీటరు చాలు.

శాండ్ బ్లాస్టింగ్.. అసలు ముప్పు ఇక్కడే

పాత పెయింట్ మొండిగా పట్టుకుని ఉంటే బ్లాస్టింగ్ చేయిద్దామనిపిస్తుంది. ఐదు నిమిషాల్లో మూత కొత్తదానిలా తేలుతుంది. కానీ మూతని తిప్పి లోపల చూడండి. చాలా మూతలకు లోపలి వైపు ఒక రేకు పలక ఉంటుంది. ఇంజిన్ నుంచి పైకొచ్చే గ్యాస్‌లోని ఆయిల్ తుంపరని ఆపేది అదే. ఆ రేకు వెనక ఖాళీలోకి ఇసుక, గాజు పూసలు దూరితే ఎంత కడిగినా పూర్తిగా రావు. ఇంజిన్ స్టార్ట్ చేశాక వేడి ఆయిల్ వాటిని మెల్లగా కిందికి దింపుతుంది. మొదట పడేది ఆ క్యామ్ షాఫ్ట్ మీదో, రాకర్ల మీదో. "ఆయిల్ ఫిల్టర్ ఉందిగా" అంటారేమో. ఫిల్టర్ ఉండేది పంపు తర్వాత. ఫిల్టర్ చేరేలోపు ఆ రేణువులు క్యామ్‌ని, పంపుని గీకేస్తాయి.

లోపలి రేకు స్క్రూలతో ఉంటే విప్పేసి, బ్లాస్టింగ్ అయ్యాక విడివిడిగా కడగొచ్చు. రివిట్లు కొట్టి ఉంటే మాత్రం బ్లాస్టింగ్ ఆలోచన మానుకోండి. పెయింట్ రిమూవర్, వైర్ బ్రష్షు, ఎమరీ పేపర్‌తోనే తంటాలు పడాలి. చేతులు నొప్పెడతాయి, ఇంజిన్ బతుకుతుంది.

ఇక మనిషి సంగతి. బ్లాస్టింగ్‌కి మామూలు ఇసుక వాడితే అది పగిలి, కంటికి కనపడని సిలికా దుమ్ముగా మారి ఊపిరితిత్తుల్లో దిగిపోతుంది. దాంతో వచ్చే సిలికోసిస్‌కి మందు లేదు. మార్కాపురం పలకల పేరు తెలియని తెలుగువాళ్లు అరుదు. కాబట్టి రాతి దుమ్ము గురించి ఈ ప్రాంతానికి వేరే చెప్పక్కర్లేదు. మధ్యప్రదేశ్‌లోని మంద్‌సౌర్‌లో బలపాలు కోసే కార్మికులు ఇదే జబ్బుతో చిన్న వయసులోనే రాలిపోయారు. బ్రిటన్ అయితే పోత వస్తువుల బ్లాస్టింగ్‌లో ఇసుక వాడకాన్ని 1949 నాటి నిబంధనలతోనే నిషేధించింది. మన పాత ఫ్యాక్టరీల చట్టంలోనూ సిలికోసిస్ తప్పనిసరిగా తెలియజేయాల్సిన జబ్బుల జాబితాలో ఉండేది. మూతికి కట్టుకునే తువ్వాలు ఈ దుమ్మునీ ఆపదు, స్ప్రే పెయింట్ ఆవిరినీ ఆపదు. పెయింట్‌కి కార్ట్రిడ్జ్ ఉన్న మాస్క్ వేరే కావాలి.

ఎండ సాయం చేస్తుందా?

సగం చేస్తుంది. ఎండలో నిలబడి కొడితే పెయింట్ మూత మీద పడేలోపే సగం ఆరిపోయి, ముడతలకు బదులు పొడిపొడిగా ఇసుక చల్లినట్టు వస్తుంది. అందుకని కొట్టేది నీడలో, గాలి వీయని చోట. పొద్దున్నే మంచి టైమ్. అల్యూమినియం అయితే ముందు ఎచ్ ప్రైమర్. గ్యాస్కెట్ కూర్చునే అంచు, బోల్టు రంధ్రాలు, ఆయిల్ పోసే మూత మరలు టేపుతో మూసేయాలి. గుంటలుంటే మామూలు లప్పం పెట్టొద్దు, ఆ వేడికి నిలవదు. తర్వాత ఒక కోటు అడ్డంగా, ఐదు నిమిషాలాగి ఒకటి నిలువుగా, ఇంకో ఐదు నిమిషాలకు ఒకటి ఐమూలగా. మూతని పడుకోబెట్టే కొట్టాలి. నిలబెడితే ఆ మందానికి కారిపోతుంది.

ముడతలు లేచాక గట్టిపడటానికి చాలా డబ్బాలు 90 డిగ్రీల సెల్సియస్ పైన గంటసేపు వేడి అడుగుతాయి. మే నెల ఎండలో రేకు కాలిపోతున్నట్టు అనిపించినా అంత వేడి రాదు. ముడతలు మొదలవడానికి ఎండ బాగానే పనికొస్తుంది, పూర్తిగా గట్టిపడటానికి చాలదు. హీట్ గన్‌తోనో, పెద్ద హాలోజన్ లైటు దగ్గర పెట్టో పని కానివ్వొచ్చు. పౌడర్ కోటింగ్ షాపు దగ్గరుంటే అడిగి చూడండి. కాకపోతే వాళ్ల ఓవెన్ దాదాపు 200 డిగ్రీల దాకా వెళ్తుంది, తగ్గించి పెట్టమని చెప్పాలి. ఇంట్లో కేకులు చేసే ఓవెన్‌లో మాత్రం పెట్టకండి. ఆ ఆవిర్లు అందులోనే ఉండిపోతాయి, రేపు తిండి వండేది అందులోనే. మిగిలిన స్ప్రే డబ్బాని కారు డ్యాష్‌బోర్డు మీద పడేయొద్దు. 50 డిగ్రీలు దాటనివ్వొద్దని డబ్బా మీదే రాసుంటుంది. ఎండాకాలంలో అద్దాలు మూసిన కారు ఆ లెక్క సులువుగా దాటేస్తుంది.

కంపెనీ పేరు ఉబ్బెత్తు అక్షరాల్లో ఉంటే, పెయింట్ పూర్తిగా గట్టిపడ్డాక చెక్క ముక్కకి ఎమరీ పేపర్ చుట్టి ఆ అక్షరాల మీదే రుద్దండి. ఎర్రటి ముడతల మధ్య తెల్లటి లోహం తేలుతుంది. ముందే తొందరపడితే పక్క పెయింట్ కూడా లేచొస్తుంది.

బిగించేటప్పుడు

పాత గ్యాస్కెట్ మళ్లీ వేయకండి, కొత్తది వేయండి. గ్యాస్కెట్ అంచున పెయింట్ మరక ఉన్నా గీకేయాలి. అక్కడి నుంచి ఆయిల్ కారి ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ మీద పడితే పొగతో మొదలై మంట దాకా వెళ్లొచ్చు. బోల్టులు మధ్య నుంచి బయటికి, కొంచెం కొంచెంగా బిగించాలి. ఈ చిన్న బోల్టులకు చాలా ఇంజిన్లలో 10 న్యూటన్ మీటర్ల దరిదాపు బిగువే ఎక్కువ. మీ కారు మాన్యువల్‌లో ఎంతుందో అంతే. గట్టిగా ఉండాలని పొడవాటి హ్యాండిల్ వేసి లాగితే అల్యూమినియం మర తెగుతుంది, లేదంటే మూతకే పగులు పడుతుంది. మొదటిసారి స్టార్ట్ చేసి పది నిమిషాలు నడిపి, ఆపి, టార్చ్ లైట్‌తో అంచు చుట్టూ చూడండి. మర్నాడు చల్లటి ఇంజిన్ మీద మరోసారి.