తారల దుస్తులు – నేతగాని చూపు

పాత హాలీవుడ్ చలనచిత్ర తారల ఛాయాచిత్రములను పత్రికలవారు నేటికిని అచ్చు వేయుచున్నారు. దుస్తులు రూపొందించువారు వానిని ఎదుట నుంచుకొని పని చేయుచున్నారు. తొంబది యేండ్ల నాటి ఉడుపులలో కొన్ని యిట్లు నిలిచియుండగా, తక్కినవి చూచినంతనే నవ్వు పుట్టించుటకు కారణమేమి? తారల ముఖసౌందర్యమే కారణమని పలువురందురు. అది కొంతవరకే నిజము. సాంచెల చప్పుడు నడుమ పెరుగుచున్న మన భివండి పద్మనగరపు పిల్లలకు దీని సమాధానము ఇతరులకంటె సులభముగా బోధపడవలెను. ఏలయన అది గుడ్డలోనే యున్నది.

1933లో విడుదలైన ‘డిన్నర్ ఎట్ ఎయిట్’ అను చిత్రములో జీన్ హార్లో ధరించిన తెల్లని సాటిను గౌనును చూడుడు. దానిని రూపొందించినవాడు ఏడ్రియన్. ఆ దినములలో చిత్రములు చాలవరకు నలుపు తెలుపులలోనే తీయబడెడివి. ఎరుపును ఆకుపచ్చను ప్రక్కప్రక్కన నుంచినను తెరమీద రెండును ఒకే బూడిద వన్నెగా కనుపింపవచ్చును. కావున రంగు చేయవలసిన పనిని మెరుపు చేయవలసి వచ్చెను. ఆ మెరుపు నేతనుండి పుట్టినది. సాదా నేతలో పేక దారము ఒక పడుగు పోగు మీదుగా, మరియొక పోగు క్రిందుగా పోవును. అడుగడుగున పోగులు వంగుటచే వెలుగు చెదరిపోవును. సాటినులో పడుగు పోగు నాలుగు పేకలమీదుగా, ఒక్కొకప్పుడు అంతకెక్కువ పేకలమీదుగా తేలి, ఒక్కదాని క్రింద మాత్రము మునుగును. ఆ పొడుగుపాటి పోగులమీద దీపకాంతి చెదరక ఒక్క దిక్కుననే తిరిగివచ్చును. గోరు తగిలిన చాలు, అట్టి గుడ్డకు పోగు లేచును. అంతటి సుకుమారమును రోజంతయు కట్టుకొని తిరుగుట తారలకే చెల్లినది!

మెరుపొక్కటియే చాలదు, గుడ్డ ఒంటిమీద జారు తీరు కూడ ముఖ్యము. ఇంటిలోని చేతిరుమాలును పడుగు వెంట లాగుడు, సాగదు. పేక వెంట లాగినను అంతగా సాగదు. మూలనుండి మూలకు లాగినచో సాగును. ఈ గుణమునే ఆధారముగా గొని, పారిస్ నగరమున మదలీన్ వియొనే అను స్త్రీ 1920 తరువాతి సంవత్సరములలో గుడ్డను ఏటవాలుగా కత్తిరించి గౌనులు కుట్టి కీర్తి గడించెను. మన దర్జీలు దీనిని క్రాసు కటింగందురు. హార్లో గౌను అట్టిదే. అందు గుడ్డ తన బరువుతో తానే జారుచున్నది.

జోన్ క్రాఫర్డ్ మెత్తలు పెట్టి కుట్టించుకొన్న వెడల్పాటి భుజములను చూడుడు. ఎంత ఠీవిగా నున్నను, అవి 1930, 1940 దశాబ్దములవని యిట్టే తెలిసిపోవును. కుట్టు కాలమును పట్టియిచ్చును. మన చీరకు కుట్టే లేదు గదా! ‘మిస్సమ్మ’ (1955) చిత్రములో ఉపాధ్యాయిని వేషమున సావిత్రి కట్టిన చీరను చూచి అది ఏనాటిదో చెప్పుట కష్టము. రవికెను చూచినచో ఊహింపవచ్చును. ‘మాయాబజార్’ (1957) చిత్రమునకు 2010లో రంగులద్ది మరల విడుదల చేసిరి. మాకు మాత్రము నలుపు తెలుపులదే మిన్నగా తోచినది. అందు కన్ను రంగుల వెంట పరుగెత్తక మడతలను చూచును.

ఇంతటి పనిలో పేరెవ్వరికి దక్కెను? ‘సబ్రీనా’ (1954) చిత్రములో ఆడ్రీ హెప్బర్న్ ధరించిన పేరొందిన ఉడుపులు కొన్ని పారిస్‌నందలి జివాంషీవి. ఆస్కార్ బహుమతి మాత్రము ఎడిత్ హెడ్‌కు వచ్చెను. జివాంషీ పేరు తెరమీదనే లేదు. ఆ గుడ్డ నేసినవాని పేరు అడిగినవారే లేరు. మన మహారాష్ట్రములోని కొల్హాపూరున 1929లో జన్మించిన భాను అథయ్య ‘గాంధీ’ (1982) చిత్రపు దుస్తులకు జాన్ మొల్లోతో కలిసి 1983లో ఆస్కార్ పొంది, ఆ బహుమతి నందిన తొలి భారతీయురాలైనది. ఆ చిత్రమున ఖద్దరు గుడ్డకున్న ప్రాధాన్యము చూచినవారికి తెలియును.

భివండి సాంచెలమీద దిగు గుడ్డలో అధికభాగము రంగు వేయని గ్రే గుడ్డ. అది అన్యత్ర రంగు పోసికొని, మరియొక పేరుతో దుకాణమునకు చేరును. అందుచేతనే కాబోలు, తండ్రి వృత్తిని చెప్పుటకు తడబడు విద్యార్థులను, తారల దుస్తులు వేరొక లోకమునుండి దిగివచ్చినవని తలచువారిని మేము చూచియున్నాము. ఈ మారు ఇంటిల్లిపాదియు పాత చిత్రమును చూచునపుడు, తారయొక్క ఉడుపు సాదా నేతయో, సాటినో, పోగు సన్నమో, ముతకో చెప్పుమని సాంచె నడుపు తండ్రిని, కండెలు చుట్టు తల్లిని అడుగుడు. గుడ్డను తాకకయే, అది మెరయు తీరును, మడత విరుగు తీరును చూచి వారు చెప్పగలరు.