పనుల లెక్క కోడ్ పక్కనే ఉండాలి

గుంటూరు, బాపట్ల, ఒంగోలు ఇంజినీరింగ్ కాలేజీల్లో చివరి ఏడాది ప్రాజెక్టును నలుగురైదుగురు కలిసి చేస్తారు. కోడ్‌ను, ప్రతి మార్పునూ గుర్తుంచుకునే గిట్‌లో భద్రంగా దాచుకునేవాళ్లు కూడా, ఎవరు ఏ పని చెయ్యాలన్నది మాత్రం వాట్సాప్ గ్రూపుకు వదిలేస్తారు. పొద్దున పెట్టిన మెసేజీ సాయంత్రానికి కబుర్ల కింద కూరుకుపోతుంది. మిర్చి యార్డులో ఏ రైతు టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, ఏ ధర పలికాయి అన్నది నోటిమాట మీద నడవదు, కాగితం మీదికి ఎక్కాల్సిందే. సాఫ్ట్‌వేర్‌లో ఆ కాగితం ఇష్యూ ట్రాకర్: ప్రతి పనికీ, ప్రతి లోపానికీ ఒక గుర్తింపు, ఒక బాధ్యుడు, పని ముగిసిందో లేదో చెప్పే వివరం. చిన్న బృందాలు దాన్ని కోడ్ రాసే టెర్మినల్ నుంచే నడుపుకోవడం మేలని నా వాదన.

పనికీ లెక్కకీ దూరం పెరిగినకొద్దీ లెక్క అబద్ధమాడుతుంది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ చరిత్ర చెప్పేదీ ఇదే. డెబియన్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌ను తయారుచేసే వాలంటీర్లు 1994 నుంచి లోపాల పట్టికను ఈమెయిల్ మీదే నడుపుతున్నారు. సరిచేసిన ప్యాకేజీ మార్పుల చిట్టాలో లోపం నంబరు వేసి పంపితే చాలు, పట్టికలో అది దానంతటదే మూసుకుంటుంది. గిట్‌హబ్ 2020లో తెచ్చిన జీహెచ్ అనే కమాండు కూడా బ్రౌజర్ తెరవకుండానే ఇష్యూ రాయనిస్తుంది, జాబితా చూపిస్తుంది. కాకపోతే దానికి నెట్ కావాలి. గిట్‌బగ్ అనే పరికరం ఇంకో అడుగు ముందుకేసి, ఇష్యూలను కోడ్ ఉన్న గిట్ రిపోలోనే దాస్తుంది. సిగ్నల్ అందని ఊళ్లో కూర్చుని రాసుకున్నా, నెట్ దొరికినప్పుడు కోడ్‌లాగే పంపుకోవచ్చు. ఇద్దరు ఒకే ఇష్యూను వేర్వేరు చోట్ల మార్చినా ప్రతి మార్పునూ వరుసగా నమోదు చేస్తుంది కాబట్టి ఒకరి రాతను ఇంకొకరిది చెరిపెయ్యదు.

టెర్మినల్ నల్లతెర అందరికీ అలవాటు కాదు కదా అంటారు. నిజమే, పరీక్షించేవాళ్లనూ అనువదించేవాళ్లనూ కమాండ్లు నేర్చుకోమనడం అన్యాయం. తెలుగుకైతే మరో చిక్కుంది. టెర్మినల్ ప్రతి అక్షరాన్నీ సమానమైన గడిలో కూర్చోబెట్టాలని చూస్తుంది, మన ఒత్తులూ గుణింతాలూ ఆ గడుల్లో ఇమడవు. అందుకే చాలా టెర్మినళ్లలో తెలుగు చెదిరి కనిపిస్తుంది. అయితే చెదిరేది తెర మీది రూపమే, యూనికోడ్‌లో దాచిన రాత కాదు. గిట్‌బగ్‌కు బ్రౌజర్ రూపమూ ఉంది, జీహెచ్‌తో రాసినవి గిట్‌హబ్ పేజీలోనూ కనబడతాయి. కోడ్ రాసేవాళ్లు టెర్మినల్లో, మిగతావాళ్లు బ్రౌజర్లో ఒకే లెక్కను చూసుకోవచ్చు.

నలుగురికి ఇంత హంగామా ఎందుకన్నది రెండో అభ్యంతరం. నలుగురూ ఒకే గదిలో ఉన్నంతకాలం అక్కర్లేదేమో. కానీ చదువు ముగిశాక వాళ్లు నాలుగు ఊళ్లకు వెళ్లిపోతారు. ప్రాజెక్టును అందుకునే జూనియర్లకు కోడ్ ఏం చేస్తుందో చదివితే తెలుస్తుంది. ఏ లోపాన్ని తెలిసే వదిలేశారో, ఏ మార్గం ప్రయత్నించి ఎందుకు మానేశారో కోడ్ చెప్పదు. అదంతా రిపోతోపాటే చేతికొస్తే చేసిన తప్పే మళ్లీ చెయ్యరు. పరికరం క్రమశిక్షణను పుట్టించలేదు, ఇష్యూ రాయకుండా ఏ పనీ మొదలుపెట్టకూడదన్న కట్టుబాటు బృందమే పెట్టుకోవాలి. ఆ కట్టుబాటును నిలబెట్టుకోవడం, రాయాల్సిన చోటు చేతికి అందేంత దగ్గర్లో ఉన్నప్పుడే సులువు.