కళ్లు లేనివాడు రోడ్డు మీదికి ఎందుకొచ్చాడు?

రోడ్డు దాటుతున్న అంధుణ్ణి లారీయో మోటారు సైకిలో గుద్దినప్పుడు, గుమిగూడిన జనంలో ఎవరో ఒకరు ఈ మాట అనకుండా ఉండరు. చెడ్డ మనసుతో అనరు, జాలిపడే అంటారు. కాని ఆ జాలిలో ఒక తీర్పు దాగి ఉంది. బండి నడిపినవాడూ రోడ్డు వేసినవారూ చూస్తూ నిలబడ్డ మనమూ నిర్దోషులం, తప్పంతా చూపులేని ఆ మనిషిదే అన్న తీర్పు అది. ప్రియ చదువరులారా, ఇది న్యాయమేనా?

మార్టూరు మీదుగా పోయే జాతీయ రహదారినే తీసుకుందాం. పెద్దవాళ్లకు అది ఇంకా ఐదో నంబరు రోడ్డే. 2010లో దాని నంబరు 16గా మారింది. ఇటు చిలకలూరిపేట నుండి అటు మేదరమెట్ల దాకా పత్తి లారీలు, గుంటూరు యార్డుకు మిరపకాయ టిక్కీలు మోసే బండ్లు, గ్రానైటు రాళ్ల లారీలు రాత్రీ పగలూ తిరుగుతూనే ఉంటాయి. ఒకప్పుడు ఎదురెదురు లారీలు ఒరుసుకుంటూ తప్పుకున్న ఈ దారి ఇప్పుడు ఆరు వరుసలయింది. రోడ్డు పెరిగింది గాని ఊళ్లు పక్కకు జరగలేదు. ఇల్లు ఒక పక్కన, పొలమో బడో ప్రార్థన మందిరమో మరో పక్కన ఉన్న కుటుంబాలు ఈ దారి పొడుగునా ఉన్నాయి.

ఒక చిన్న లెక్క వేసి చూడండి. గంటకు 90 కిలోమీటర్ల వేగంతో వచ్చే కారు సెకనుకు 25 మీటర్లు పోతుంది. ఒక పక్క మూడు వరుసలు దాటడానికి నిదానంగా నడిచే మనిషికి పది పదకొండు సెకన్లు పడుతుంది. అంటే అతడు అడుగు పెట్టేటప్పటికి పావు కిలోమీటరు అవతల ఉన్న కారు, అతడు దాటేలోగా అతని మీదికి వచ్చేస్తుంది. అంత దూరాన ఉన్న బండి చప్పుడు ఏ చెవికి వినబడుతుంది? అంధుడు రోడ్డు దాటేది చెవులతోనే. ముందు పోయే లారీ మోత వెనకాల వచ్చే కారు మోతను మింగేస్తుంది. ఎదురుగాలి వీస్తే అసలే వినపడదు. ఇప్పుడు బ్యాటరీ స్కూటర్లు, బ్యాటరీ ఆటోలు కూడా వచ్చాయి. అవి దగ్గరకు వచ్చేదాకా చప్పుడే చేయవు.

అంధులంటే పుట్టుగుడ్డివారు మాత్రమే అనుకోకండి. కళ్లలో శుక్లాలు ముదిరి మసకగా తప్ప చూడలేని అవ్వలూ తాతలూ ప్రతి పల్లెలో ఉన్నారు. వారి చేతిలో తెల్లకర్ర ఉండదు. తమకు చూపు లేదని వారే ఒప్పుకోరు. వారిని చూసి "ఈయనకు కనబడదు" అని ఏ డ్రైవరూ పోల్చుకోలేడు. కాబట్టి కాలినడకన పోయే ప్రతి మనిషినీ, తన బండిని చూడలేదేమోనని భావించి నడపడమే డ్రైవరుకు క్షేమం. 2017లో కేంద్రం తెచ్చిన డ్రైవింగు నియమాలు కూడా పాదచారులు, వృద్ధులు, వికలాంగుల విషయంలో ప్రత్యేక జాగ్రత్త తీసుకోమంటున్నాయి.

మన శీర్షికలోని ప్రశ్న ఒకసారి ఇంగ్లండులో అత్యున్నత న్యాయస్థానం దాకా వెళ్లింది. 1956లో లండనులో హేలీ అనే అంధుడు రోజూలాగే తెల్లకర్రతో తడుముకుంటూ పనికి బయలుదేరాడు. విద్యుత్ బోర్డు కూలీలు కాలిబాట మీద గొయ్యి తవ్వి, అడ్డుగా పొడుగాటి పిడి ఉన్న సుత్తిని ఏటవాలుగా పెట్టారు. చూపున్నవారికి అది చాలు. హేలీ కర్రకు మాత్రం అది తగలలేదు. కాలు తట్టుకుని బోర్లా పడ్డాడు, ఆ దెబ్బకు వినికిడి కూడా పోయింది. చూపు లేనివానికి చెవులే కళ్లు గనుక అది ఎంత నష్టమో ఆలోచించండి. కళ్లున్నవారికి సరిపడే అడ్డు పెట్టాము, అంతకన్న మా బాధ్యత లేదని బోర్డు వాదించింది. కింది కోర్టులు రెండూ ఆ మాటే ఒప్పుకున్నాయి. 1964లో ప్రభువుల సభ దానిని తోసిపుచ్చింది. దాదాపు 500 మందిలో ఒకరు అంధులైన దేశంలో, వారు ఒంటరిగా వీధుల్లో నడవడం అందరూ ఎరిగినదే గనుక, వీధిలో పనిచేసేవారు వారిని కూడా తలచుకుని తీరాలని తీర్పు చెప్పింది. అంధుడు రోడ్డు మీదికి ఎందుకొచ్చాడని ఇక అడగనక్కరలేదు. వస్తాడని తెలిసి మీరేమి చేశారన్నదే అసలు ప్రశ్న.

ఆ సుత్తి లండనులోనే లేదు. కోతల కాలంలో మన రోడ్ల అంచున మిరపకాయలు, మొక్కజొన్న, వడ్లు ఆరబోసి, బండ్లు ఎక్కకుండా చుట్టూ రాళ్లు పేరుస్తాము, కంపలు వేస్తాము. రాత్రికి పంట ఇంటికి చేరుతుంది, రాళ్లు అక్కడే ఉంటాయి. వాటిని తప్పించుకోబోయి కర్ర పట్టుకున్న ముసలాయన తారు మీదికి జరుగుతాడు. మోటారు సైకిళ్లు వీధి అంచునే ఆపుతాము. చెప్పక తప్పదు, క్రిస్మసుకూ మహాసభలకూ మనం వేసే పందిళ్ల తాళ్లు కూడా వీధిలోకే కట్టి ఉంటాయి. అంధుని యెదుట అడ్డు పెట్టవద్దన్న ఆజ్ఞ లేవీయకాండము 19వ అధ్యాయము 14వ వచనములో ఉంది. దానిని మనం ఉపమానంగా ప్రసంగాలలో ఎన్నోసార్లు విన్నాము. రాయి గురించే చెప్పిన మాటగా కూడా దానిని చదవవచ్చును.

ప్రమాదమే జరిగితే చట్టం ఏమంటుంది? 1988 మోటారు వాహనాల చట్టం 134వ సెక్షను ప్రకారం డ్రైవరు గాయపడినవానికి వైద్యం అందేలా చూడాలి, పోలీసులకు తెలియజేయాలి. జనం కొడతారన్న భయం ఉన్నా, తప్పుకున్న తరువాత స్టేషనుకు వెళ్లే బాధ్యత పోదు. సాయం చేయబోయినవారిని కేసులలో ఇరికిస్తారన్న భయం మన ఊళ్లలో ఇంకా ఉంది. 2019లో చేర్చిన 134ఏ సెక్షను అలాంటివారికి రక్షణ ఇస్తుంది. పేరు చెప్పమని వారిని బలవంతపెట్టరాదు. 108కు, రహదారి మీదైతే 1033కు ఫోను చేయండి.

పరిహారం విషయంలో చాలామంది మోసపోతున్నారు. "కళ్లు లేనివాడు గదా, కేసు నిలవదు" అని మధ్యవర్తులు భయపెట్టి కొద్ది డబ్బుతో రాజీ చేయిస్తారు. 164వ సెక్షను కింద ఎవరి తప్పో నిరూపించకుండానే మరణానికి 5 లక్షలు, తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు అడగవచ్చును. అంతకన్న ఎక్కువ కోరితే 166వ సెక్షను కింద డ్రైవరు తప్పు చూపాలి. నడిచినవానిది కొంత తప్పని తేలితే ఆ మేరకు తగ్గిస్తారు. అయితే చూపు లేకపోవడం తప్పు కాదు. గుద్దిన బండి ఏదో తెలియకపోతే, 2022 ఏప్రిల్ నుండి అమలైన పథకం కింద మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50 వేలు ఇస్తారు. ఆరు నెలల లోపే దావా వేయడం మంచిది. కాగితాల మీద వేలిముద్ర వేసేముందు వకీలును అడగండి.

ఇంటివారికి ఒక మాట. 1921లో ఇంగ్లండులోని బ్రిస్టలులో, ప్రమాదం వల్ల చూపు పోయిన ఒక ఫోటోగ్రాఫరు, డ్రైవర్లకు కనబడాలని తన చేతికర్రకు తెల్లరంగు వేసుకున్నాడు. తెల్లకర్ర వెనుక కథ అదే. మీ తాతగారి వెదురుకర్రకు కూడా చిన్న డబ్బా రంగు చాలును. శుక్లాలైతే ఆపరేషను ఆలస్యం చేయకండి.

దాటించేటప్పుడు చెయ్యి పట్టి లాగకూడదు, వెనకనుంచి నెట్టకూడదు. "తాతా, దాటిస్తాను, నా మోచెయ్యి పట్టుకో" అని అడిగి, అర అడుగు ముందు నడవండి. మధ్యలో డివైడరు వచ్చినప్పుడు ఆగి, ఎత్తు ఉన్నదని చెప్పండి. అవతలికి చేరాక ఊరు ఏ వైపున ఉందో, తారు అంచు ఎంత దూరంలో ఉందో చెప్పి, ఆయన కర్ర నేలకు ఆనిన తరువాతనే చెయ్యి వదలండి.