త్రాసు ముల్లు కదలనప్పుడు

గత ఏడాది వేసవిలో మన సంఘం పాట్‌లక్ జరిగిన రోజు. పళ్ళెం పట్టుకుని వరుసలో నిలబడి ఉంటే వెనకనుంచి ఒక మిత్రుడు "ఏమండోయ్, బాగా చిక్కారే!" అన్నారు. "చిక్కడం ఏప్రిల్‌తోనే ఆగిపోయిందండీ. ఏడు వారాలైంది, స్కేలు మీద అరపౌను కూడా కదలటం లేదు" అని మేము నిట్టూర్చాం. ఆ మాట వినగానే వరుసలో ముందున్నవారు వెనక్కి తిరిగి "మీకూ అంతేనా?" అన్నారు. పులిహోర గిన్నె దగ్గరకు చేరేలోగా అదే బాధలో ఉన్నవాళ్ళం అయిదుగురం తేలాం. అయిదుగురిలో ఒక్కరం కూడా పులిహోర మానలేదు.

ఆ రోజు వచ్చిన ప్రశ్నలకు సమాధానాలు వెదుక్కుంటూ ఈ ఏడాదిలో మేము చదివినదీ, చేసినదీ మీ ముందు పెడుతున్నాం. ఈ వ్యాసం శ్రీవారూ శ్రీమతీ ఇద్దరం కూర్చుని వ్రాసినదే. మేము డాక్టర్లం కాము. మన సంఘంలో డాక్టర్లకు కొదవ లేదు గనుక, తప్పులుంటే వారు దిద్దుతారని ధైర్యం.

ఎందుకు మొదలుపెట్టాం

శ్రీవారి నాన్నగారు 54వ ఏట గుండెపోటుతో పోయారు. ఆయన లావు మనిషి కాదు. శ్రీవారికి క్రిందటి జనవరికి 51 నిండాయి. అదే నెల రక్తపరీక్షలో ఏ1సీ 6.2 వచ్చింది. 5.7 నుంచి 6.4 దాకా ఉంటే మధుమేహం గుమ్మంలో నిలబడినట్టు. బరువు 184 పౌన్లు, ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు. 51 నుంచి 54కి ఎంత దూరమో లెక్కపెట్టడానికి కాలిక్యులేటర్ అక్కరలేదు.

మనవాళ్ళలో చాలామంది "నేనేమంత లావు?" అంటూ ఉంటారు. ఈ విషయంలో 2004లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఒక చిన్న ముచ్చట చెప్పుకోవాలి. పూనా డాక్టరు యాజ్ఞిక్ గారు, లండన్ డాక్టరు జాన్ యుడ్కిన్ గారు పక్కపక్కన ఫోటో తీయించుకున్నారు. ఇద్దరికీ బీఎంఐ ఒక్కటే, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్ గారికి 9.1 శాతం, మన యాజ్ఞిక్ గారికి 21.2 శాతం! చూడటానికి సన్నగా ఉన్నా లోపల కొవ్వు, కండ తక్కువ. మన కాయం తీరు ఇది. అందుకే అమెరికన్ డయాబెటిస్ అసోసియేషన్ వారు 2015లో ఆసియా వాళ్ళకి బీఎంఐ 23 దగ్గరనుంచే మధుమేహ పరీక్ష చేయించాలని చెప్పారు. మిగతావారికి ఆ గీత 25.

ఇక్కడి మనవాళ్ళ మీదే 2010లో చికాగోలోనూ, శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లోనూ 'మసాలా' అనే అధ్యయనం మొదలైంది. పేరు చూసి నవ్వుకున్నాం గాని, అంకెలు చూశాక నవ్వు రాలేదు. వయస్సు తేడాలు సరిచేసి చూస్తే మధుమేహం దక్షిణాసియా వాళ్ళలో 23 శాతం, తెల్లవారిలో 6 శాతం.

స్ప్రెడ్‌షీటు చెప్పిన అబద్ధం

మన ఇళ్ళలో ఇంజనీర్లు ఎక్కువ కదా. మేమూ స్ప్రెడ్‌షీటుతోనే మొదలుపెట్టాం. 3500 కేలరీలు తగ్గిస్తే ఒక పౌను తగ్గుతుందని అందరూ చెప్పే సూత్రం. అది 1958లో విష్నోఫ్‌స్కీ అనే డాక్టరు గారు వేసిన లెక్క. రోజుకు 500 తగ్గిస్తే వారానికి ఒక పౌను, ఏడాదికి 52. బాగానే ఉంది. అదే గీతను మూడేళ్ళు పొడిగిస్తే 156 పౌన్లు తగ్గి శ్రీవారు 28 పౌన్లకు దిగాలి. అంటే రెండేళ్ళ పసివాడి బరువు! సూత్రంలో ఎక్కడో లోపం ఉందని అప్పుడు గాని మాకు తట్టలేదు.

లోపం ఏమిటంటే, శరీరం ఊరుకోదు. మొదటి రెండు వారాల్లో గబగబా తగ్గేదాంట్లో చాలా భాగం నీరు. కండల్లో, కాలేయంలో నిలవ ఉండే గ్లైకోజెన్ ఒక్కొక్క గ్రాముకు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టుకుని ఉంటుంది. అది ఖర్చయితే నీరూ పోతుంది, మనం మురిసిపోతాం. ఆ తరువాత ఒళ్ళు చిన్నదైన కొద్దీ దాన్ని మోయడానికయ్యే ఖర్చూ తగ్గుతుంది. భీమవరంలో పుట్టిన మన ఎల్లాప్రగడ సుబ్బారావు గారు 1923లో బోస్టన్ చేరి, హార్వర్డ్‌లో ఫిస్కే గారితో కలిసి పనిచేసి, 1920ల చివరలో కండ ఏ నాణెంతో శక్తిని ఖర్చు పెడుతుందో చూపినవారిలో ఒకరయ్యారు. ఆ నాణేలు లెక్క పెట్టుకోవడంలో శరీరం మన అమ్మమ్మల కన్న జాగ్రత్తపరురాలు. రాబడి తగ్గిందని తెలియగానే ఖర్చు కుదిస్తుంది.

ఈ లెక్కను జాతీయ ఆరోగ్య సంస్థలో పనిచేసిన కెవిన్ హాల్ గారు, ఆయన సహచరులు బాగా తేల్చారు. ఒక కిలో తగ్గితే రోజువారీ ఖర్చు 20, 30 కేలరీలు తగ్గుతుందట. కాని ఆకలి మాత్రం సుమారు 100 కేలరీలు పెరుగుతుందట! శ్రీవారు 184 నుంచి 171కి దిగారు, అంటే సుమారు ఆరు కిలోలు. ఖర్చు తగ్గింది 120, 180 కేలరీలే. ఆకలి పెరిగింది 600. ఒక కప్పు అన్నం 205 కేలరీలు గనుక, రోజూ మూడు కప్పుల అన్నమంత ఆకలి మనిషిని లోపలినుంచి తోస్తూ ఉంటుందన్నమాట.

హాల్ గారి లెక్క ప్రకారం తిండి నిజంగా తగ్గించిన చోటే నిలిచి ఉంటే, బరువు ఒక స్థాయికి వచ్చి ఆగడానికి మూడేళ్ళు పడుతుంది. మరి మూడు నాలుగు నెలలకే ముల్లు ఎందుకు ఆగింది? మనకు తెలియకుండా తిండి మళ్ళీ పెరిగింది గనుక. ఇది విని శ్రీవారికి కోపం వచ్చింది. "నేనేం తిన్నాను? నువ్వు పెట్టిందే కదా!" అన్నారు. శ్రీమతికి అంతకన్న ఎక్కువ కోపం వచ్చింది.

వంటింట్లో ఒక వారం

కోపం చల్లారాక మరొక సంగతి చదివాం. 1992లో న్యూయార్కులో కొందరు పరిశోధకులు, ఎంత తక్కువ తిన్నా తగ్గటం లేదని చెప్పేవాళ్ళను పరీక్షించారు. వాళ్ళ శరీరాల ఖర్చు మామూలుగానే ఉంది. తిన్నదాంట్లో 47 శాతం తగ్గించి చెప్పారు, చేసిన శ్రమను 51 శాతం పెంచి చెప్పారు. అది అబద్ధమాడటం కాదు. కంటి అంచనా ఎవరికైనా అంతే.

అందుకని ఒక్క వారం, ఒక్కటంటే ఒక్క వారం, అన్నీ కొలిచాం. తేలినవి ఇవి.

ఒకటి, నూనె. శ్రీమతి సీసాతో వంచేది "ఒక చెంచాడు" అనుకునేవారు. కొలిస్తే బెండకాయ వేపుడుకు నాలుగు టేబుల్ స్పూన్లు. ఒక్కొక్కటి 120 కేలరీలు. మనిషికి 240 నూనెలోనే. పప్పు పోపు, పచ్చడి పోపు, ఆవకాయలో తేలే నూనె వేరే. ఎవరి డైరీలోనైనా వీటిని చూశారా?

రెండు, బియ్యం. రైస్ కుక్కరుతో వచ్చిన కప్పు అమెరికన్ కప్పు కాదు. అది 180 మిల్లీలీటర్లది, అమెరికన్ కప్పు సుమారు 240. కుక్కరు కప్పు పచ్చి బియ్యం ఉడికితే రెండున్నర కప్పుల పైచిలుకు అన్నం అవుతుంది, 540 కేలరీల దాకా. శ్రీవారి డైరీలో అది "ఒక కప్పు రైస్, 205".

మూడు, శనివారం. మా ఇంట్లో శనివారం రాత్రి అన్నం ముట్టం, ఫలహారమే. ఆ ఫలహారం ఉప్మా పెసరట్టు, అల్లం పచ్చడి, పైన కాఫీ. అన్నం కన్న ఎక్కువే అయింది. భగవంతుడికి తెలుసు గాని స్ప్రెడ్‌షీటుకు తెలియదు.

నాలుగు, వారాంతం. అయిదు రోజులు రోజుకు 300 చొప్పున తగ్గిస్తే 1500 మిగులు. శని ఆదివారాల్లో పుట్టినరోజు ఒకచోట, సత్యనారాయణ వ్రతం ఒకచోట. రోజుకు 750 ఎక్కువైతే సోమవారం ఉదయానికి మిగులు సున్న. మాకు జరిగింది అక్షరాలా ఇదే.

మేము మార్చినవి

అన్నం మానలేదు. మానిన ప్రతిసారీ మూడో వారానికి రెట్టింపు తిన్నాం. టేబుల్ స్పూను నూనె సీసా పక్కనే పెట్టి, ఇద్దరికీ కలిపి కూరకు ఒకటి, పోపుకు ఒక చిన్న చెంచా అని కట్టడి చేసుకున్నాం. వేపుళ్ళు వారానికి ఒకటి. మిగతా రోజుల్లో ఆవ పెట్టిన కూరలు, పప్పుకూరలు, పులుసులు. పళ్ళెంలో వడ్డించే వరుస తిప్పాం: ముందు కూర, పప్పు, తరువాత కొలిచిన అన్నం. ఆకలి పెరగటం మన చేతిలో లేదు. దానికి పప్పు, గుడ్డు, పెరుగు, కూరగాయలు ఎదురు పెట్టడం మాత్రం మన చేతిలోనే ఉంది.

నడక చలికాలంలో మాల్‌లో, వేసవిలో పార్కులో ముందునుంచీ ఉన్నదే. కొత్తగా కండకు పని చెప్పాం. అమెరికా ప్రభుత్వ సలహా కూడా వారానికి 150 నిమిషాల నడకతో పాటు రెండు రోజులు కండల వ్యాయామం. తిండి తగ్గించినప్పుడు కొవ్వుతో పాటు కండా పోతుంది. మనకు ముందే కండ తక్కువ. మొదట్లో ఇరవై పౌన్ల సోనామసూరి బియ్యం బస్తాను గరాజు నుంచి వంటింటికి మోయడమే శ్రీవారి వ్యాయామం. తరువాత రబ్బరు పట్టీలు కొన్నాం. శ్రీమతి కూడా మొదలుపెట్టారు.

తూకం వారానికి ఒక్కసారి, ఉదయమే. ఆవకాయ తిన్న మర్నాడు ఉప్పు పట్టుకున్న నీరే రెండు పౌన్లు చూపిస్తుంది, దానికి గుండె బాదుకోనక్కరలేదు. దానితో పాటు టేపుతో నడుము చుట్టూ కొలుస్తాం. మనవాళ్ళలో మగవారికి 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు, ఆడవారికి 80, అంటే 31న్నర, దాటితే ప్రమాదమని చెబుతారు. ఏడు వారాలు ముల్లు కదలకపోయినా శ్రీవారి బెల్టు ఒక రంధ్రం లోపలికి వెళ్ళిందని టేపు చెప్పేదాకా మాకు తెలియలేదు.

చేయకూడనిది కూడా చెప్పాలి. విసుగెత్తి పస్తులుండకండి. 2009లో టీవీ పోటీలో పాల్గొని విపరీతంగా తగ్గిన 14 మందిని ఆరేళ్ళ తరువాత పరీక్షిస్తే, వాళ్ళ శరీరాలు విశ్రాంతిలో ఉండవలసిన దానికన్న రోజుకు సుమారు 500 కేలరీలు తక్కువ ఖర్చు పెడుతున్నాయి. చాలామందికి బరువు తిరిగి వచ్చింది. ఇక మధుమేహానికి ఇన్సులిన్ వగైరా మందులు వాడేవారు డాక్టరును అడగకుండా భోజనం తగ్గించకూడదు, చక్కెర పడిపోతుంది. కారణం దొరకకపోతే థైరాయిడ్ పరీక్ష, వాడుతున్న మందుల సంగతి అడగండి.

"ఇంజక్షన్లున్నాయి కదా" అంటారు. ఉన్నాయి. సెమాగ్లుటైడ్‌ను బరువు తగ్గడానికి 2021లో ఇక్కడ అనుమతించారు. పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం తగ్గారు. అవసరమైనవారు సిగ్గుపడకుండా వాడవలసిందే. దానితోనూ ఏడాది దాటేసరికి ముల్లు ఆగుతుంది. ఎక్కడో ఒకచోట ఆగడం ఒంటికి సహజం.

ఆగిన చోటు ఏది?

చివరకు మేము తెలుసుకున్న అసలు సంగతి ఇది. ఈ దేశంలో 27 కేంద్రాల్లో, మధుమేహం గుమ్మంలో ఉన్న మూడువేల పైచిలుకు మందితో ఒక పెద్ద పరీక్ష జరిగి, ఫలితాలు 2002లో వచ్చాయి. వాళ్ళకు పెట్టిన గురి శరీరం బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక. ఆ దారి పట్టినవాళ్ళలో మధుమేహం రావడం 58 శాతం తగ్గింది. మద్రాసులో రామచంద్రన్ గారు మనవాళ్ళ మీద ఇలాంటిదే చేసి 2006లో ప్రకటించారు. అక్కడ బరువు చెప్పుకోదగినంత తగ్గకపోయినా, తిండి, నడక మార్చినవాళ్ళలో మధుమేహం 28.5 శాతం తగ్గింది.

184లో 7 శాతం ఎంత? పదమూడు పౌన్లకు ఒక పిసరు తక్కువ. శ్రీవారు ఏడు వారాలు తిట్టుకుంటూ నిలబడిన ఆ 171, డాక్టర్లు చేరమన్న గట్టే! దాని మీద నిలబడి "ఏమీ జరగటం లేదు" అని ఏడుస్తున్నాం. పాట్‌లక్ వరుసలో ఆ రోజు మాలో ఎంతమంది ఇలా గట్టు మీద నిలబడి మునిగిపోతున్నామనుకున్నారో!

చిన్నప్పుడు బడిలో దక్కను పీఠభూమి గురించి చదివాం కదా. ఎత్తుగా, చదునుగా ఉంటుందని బట్టీ పట్టాం. దాని మీద కోట్లమంది ఇళ్ళు కట్టుకుని బ్రతుకుతున్నారన్న సంగతి ఇప్పుడు గుర్తొస్తోంది. అక్కడ ఉండటం కూడా ఒక పనే. దిగిన బరువును నిలుపుకోవడం దిగడమంత కష్టం, దానికి ఎవరూ "చిక్కారే" అనరు.

కొలతల పుణ్యాన శ్రీవారు సెప్టెంబరుకు 166కి దిగారు. మళ్ళీ అక్కడ ఆగారు. ఈసారి ఎవరూ కంగారు పడలేదు. ఏ1సీ 5.7 వచ్చింది, గుమ్మం ఇంకా దాటలేదు గాని అంచుకు జరిగాం. వచ్చే జనవరికి ఆయనకు 53. ఆ తరువాతి ఏడు మా ఇంట్లో ఎవరూ పైకి అనరు గాని, అందరికీ తెలుసు.

ఉగాది విందు సంఘం వారికి ఒక మనవి: స్వీట్లు నాలుగు వద్దు, రెండు చాలు. వేపుడు ఒకటి తగ్గించి దోసకాయ పప్పు రెండు పెద్ద గిన్నెలు పెట్టించండి. పులిహోర మాత్రం ఉంచండి. మేము కొలుచుకుని తింటాం.