ఓటు లేదు... కానీ మైకు ఉంది!

మొన్నామధ్య ఇంటికి ఓ ఉత్తరం వచ్చింది. ఏదో ప్రకటన కాగితమనుకుని చెత్తబుట్టలో వేయబోయా. తీరా చదివితే, మా వీధి వెనకున్న ఖాళీ స్థలంలో ఇళ్ళు కట్టుకోడానికి జోనింగ్ మార్చమని ఎవరో దరఖాస్తు పెట్టారట. దానిపై బహిరంగ విచారణ ఉంది, మీరూ వచ్చి మాట్లాడొచ్చు అని రాశారు. ఆ స్థలానికి 300 అడుగుల లోపున్న యజమానులకీ, ఇళ్ళలో ఉండేవాళ్ళకీ కనీసం 15 రోజుల ముందు చెప్పాలని మిషిగన్ చట్టం. నేనేమో వీసా మీద వచ్చి, అద్దింట్లో ఉంటున్న సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని. అయినా నన్నూ పిలిచారు!

నేనుండేది డెట్రాయిట్‌కి పడమరనున్న కాంటన్ టౌన్‌షిప్‌లో. మనకి టౌన్‌షిప్ అంటే ఫ్యాక్టరీ క్వార్టర్సో, గేటున్న వెంచరో గుర్తొస్తుంది. ఇక్కడ అదొక స్థానిక ప్రభుత్వం. గూగుల్ మ్యాప్ తీసి చూడండి, గళ్ళ నోటుబుక్కులా కనిపిస్తుంది. 1785లో అమెరికా చేసిన భూచట్టం ఇలాంటి ప్రాంతాల్ని ఆరు మైళ్ళ చదరాలుగా కొలిచింది. ఒక్కో చదరంలో 36 గళ్ళు. పదహారో గడి బడి కోసం! ఊరు పుట్టకముందే బడికి స్థలం తీసిపెట్టారన్నమాట.

కాంటన్ 1834లో ఏర్పడింది. ఈ పేరు చైనా నగరానిది. చుట్టుపక్కల టౌన్‌షిప్‌లకీ నాన్‌కిన్, పెకిన్ అని చైనా పేర్లే పెట్టారు. ఆ రెండు పేర్లూ ఇప్పుడు వాడుకలో లేవు. నాన్‌కిన్‌లో మిగిలిన భాగం 1966లో సిటీ అయిపోయింది. పక్క సిటీ తమ షాపింగ్ మాల్‌ని కలిపేసుకోబోతే జనం అడ్డుపడి, సొంతంగా సిటీ పెట్టుకుని, దానికి ఆ మాల్ పేరే పెట్టారు. అదే వెస్ట్‌ల్యాండ్. కాంటన్ మాత్రం టౌన్‌షిప్‌గానే మిగిలింది. 2020 లెక్కల్లో జనాభా 98 వేల పైచిలుకు.

ఇంతమందికీ బోర్డులో ఏడుగురే. సూపర్‌వైజర్, క్లర్క్, ట్రెజరర్, నలుగురు ట్రస్టీలు. అందరినీ జనమే నాలుగేళ్ళకోసారి ఎన్నుకుంటారు. అవును, క్లర్క్‌కీ ఎన్నికే! ఎన్నికలు నడిపించేదీ ఆయనే. పోలీసు, ఫైర్ టౌన్‌షిప్‌వి. బడులు వేరే బోర్డు చేతిలో ఉంటాయి. రోడ్లు ఎక్కువగా కౌంటీ చూస్తుంది. అందుకే గుంత పడితే ముందు ఎవరికి చెప్పాలో కనుక్కోవాలి.

విచారణ రోజు రానే వచ్చింది. ఓటు హక్కు లేనివాడిని, నా మాట ఎవరు వింటారులే అనుకుంటూనే వెళ్ళా. కానీ 1976 నాటి ఓపెన్ మీటింగ్స్ చట్టం మాట్లాడే హక్కుని ఓటర్లకే అని రాయలేదు, ‘ఎవరైనా’ అంది. మైకు ముందుకెళ్ళి, వాననీరు ఎటు పోతుందని అడిగా. గొంతు వణికింది. ప్రొడక్షన్ డిప్లాయ్‌మెంట్ రోజు కూడా అంత భయపడలేదు! నా ప్రశ్న మినిట్స్‌లోకి ఎక్కింది. ఆ స్థలం సంగతి ఇంకా తేలలేదు.

ఇంటికొచ్చాక ఓ విషయం గుచ్చుకుంది. మా ఊళ్ళో నాకు ఓటుంది. గ్రామసభలో కూర్చునే హక్కూ ఉంది. ఒక్కసారైనా వెళ్ళలేదు. నాన్నకి ఫోన్ చేసి, మనూళ్ళో గ్రామసభ ఎప్పుడని అడిగా.

“ఇప్పుడు నీకెందుకురా అది?” అన్నారు.

“ఈసారి ఆ టైముకే వద్దామని నాన్నా” అన్నా.